పిట్టలగట్టు పొగలో వియ్యంకుల వాటా

సూర్యాపేట,
మార్చి 4.

మిర్యాలగూడ వాస్తవ్యులు, మాకు కాబోయే వియ్యంకులు సైదులు బావగారికి,

భాస్కర్ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. తమరు, చెల్లెలు మంజులమ్మ, మా కాబోయే కోడలు అలేఖ్య క్షేమమని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని తమరు అనుకోరు. నిశ్చితార్థం నాడు, వరిగడ్డి పొగ హానికరమా, బీడుగడ్డి పొగ హానికరమా అన్న శాస్త్రీయ చర్చలో మన కంఠాలు కొంత హెచ్చినందున, రెండిళ్ల ఆడవారూ ఏకగ్రీవంగా చేసిన తీర్మానం తమకు గుర్తుండే ఉంటుంది. "లగ్గమయ్యేదాక మీరిద్దరు ఫోన్ల మాట్లాడొద్దు. ఏమన్నుంటె కాయితం మీద రాసుకోండ్రి. రాసినంక ఒక రాత్రి సల్లారనిచ్చి పంపుండ్రి" అని మా ఇంటావిడ సుకన్య అన్నది. దానికి లోబడి ఈ లేఖను ఒక రాత్రి చల్లార్చి, మిర్యాలగూడ బస్సు కార్గోలో పంపుతున్నాను.

విషయం ఇది. తమరు తమ జిల్లాలో, నేను మా జిల్లాలో, ఉద్గారాల అంచనా విభాగపు అధికారులం. ఎక్కడ గడ్డి తగలబడినా గాలిలోకి ఎంత మీథేన్, ఎంత నైట్రస్ ఆక్సైడ్ పోయిందో లెక్కగట్టి హైదరాబాదుకు పంపడం మన ధర్మం. పిల్లల సంబంధం కూడా ఆ విభాగం వారి శిక్షణ తరగతిలో, భోజనపు బల్ల దగ్గర కుదిరిందే. పోయిన నెల చివరి ఆదివారం సాయంత్రం, రెండు జిల్లాల పొలిమేర మీది పిట్టలగట్టు బీడులో మంట లేచినట్లు ఉపగ్రహం ఒక ఎర్ర చుక్కను చూపింది. ఆ చుక్క ఏ జిల్లాదో, ఎంత కాలిందో, కారణమేమిటో తెలుపమని హైదరాబాదు కార్యాలయం అడుగుతున్నది. ఆ సాయంత్రం గాలి తూర్పు నుంచి పడమరకు వీచింది. పొగ యావత్తూ తమ జిల్లాకే వచ్చింది. పొగ ఎక్కడుంటే ఉద్గారం అక్కడ అన్నది సహజన్యాయం గనుక, చుక్కను తమరు స్వీకరించగలరు.

అదే సాయంత్రం, అదే గట్టు మీద, మన పిల్లల ప్రీవెడ్డింగ్ షూట్ జరిగిన మాట, అందులో మనలను కూడా నిలబెట్టిన మాట వాస్తవం. ఆ కుటుంబ కార్యక్రమానికీ ఈ చుక్కకూ సంబంధం ఉన్నదా అని ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబివ్వడం ఉద్యోగ మర్యాద కాదు.

కారణం అన్నచోట ఆనవాయితీ ప్రకారం 'గొర్రెల కాపరుల నిర్లక్ష్యం' అని వ్రాద్దాం. ఏళ్ల తరబడి అదే వ్రాస్తున్నాం. ఇంతవరకు ఏ కాపరీ ఆక్షేపించలేదు. మన నివేదికలు వారికి చేరవు.

తమ
భాస్కర్

*

మిర్యాలగూడ,
మార్చి 11.

సూర్యాపేట భాస్కర్ బావగారి సముఖానికి సైదులు వ్రాసుకొనునది.

తమ లేఖ అందింది. చల్లగానే ఉన్నది.

పొగ ఎక్కడుంటే ఉద్గారం అక్కడ అన్న సూత్రాన్ని మూడుసార్లు చదివాను. మా అలేఖ్య మే నెలలో తమ ఇంటికి వస్తున్నది. అంతమాత్రాన ఆమె సూర్యాపేటలో పుట్టిందని ఎవరూ వ్రాయరు కదా. పొగ కూడా ఆడపిల్ల వంటిదే. పుట్టిల్లు పుట్టిల్లే. నిప్పు తమ పొలిమేరలో పుట్టి, పొలిమేర రాయి దాటి మా వైపు కాలింది.

పెళ్లి పనుల ఒత్తిడిలో తమకు మరపు వచ్చి ఉండవచ్చు గనుక జరిగినది మనవి చేస్తాను. కోదాడ ఫోటోగ్రాఫర్ రాకేష్ మన ఇద్దరికీ షేర్వాణీలు, తలపాగాలు, నల్లద్దాలు తొడిగాడు. పిల్లల వెనుక నిలబెట్టి చెరొక రంగుపొగ గొట్టం చేతికిచ్చాడు. తమకు గులాబీ, నాకు నీలం. "ఇది చల్లపొగ అండీ, ఏం కాదు" అన్నాడు. ఉద్గారాల అధికారులం ఇద్దరం గొట్టాలను తిప్పి చూసి, నిజమే, చల్లపొగే అని ధ్రువీకరించాం. పొగ అయిపోయాక వాటిని ఎండుగడ్డిలో, ఎంతో మర్యాదగా, పడుకోబెట్టాం.

మంట లేచినప్పుడు దీపమంత ఉన్నది. చెప్పుకాలితో తొక్కితే పోయేది. నేను కాలెత్తాను. "అయ్యో, ఆడపెళ్లివారు, మీకెందుకు శ్రమ" అని తమరు ఆపారు. "మగపెళ్లివారు ఉండగా నేను ముందు కాలు పెట్టడమా? మీరే ముందు" అన్నాను. "లేదు బావగారూ, మీరే ముందు" అన్నారు తమరు. మనలో ఎవరు ముందో తేలేసరికి మంటే మన ముందున్నది. మొహమాటం గురించి పెద్దలు చెప్పిన సామెత ఒకటి ఉన్నది గాని, వియ్యంకులకు వ్రాసేది కాదు.

నిప్పురవ్వ పడి మంజుల పట్టుచీర కొంగుకు చిల్లి పడ్డది. "మీ ఇద్దరి మర్యాదలకు నా చీర పెడితిరి" అని రోజూ ఒకసారి అంటున్నది.

కారణం విషయంలో తమ సూచన శిరోధార్యం. తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికన్నట్లు, గట్టెందుకు కాలిందంటే కాపరి వల్లనడం మనకు అలవాటే. నేనూ సంతకం చేస్తాను. చుక్కను చెరిసగం చేసుకుందాం. మధ్యలో గీత గీయడానికి మా కార్యాలయంలో స్కేలు ఉన్నది.

భవదీయుడు
సైదులు

*

సూర్యాపేట,
మార్చి 24.

సైదులు బావగారికి నమస్కారాలు.

శుభలేఖలు అచ్చుకు ఇచ్చాం. తమ పేరు పక్కన తమ హోదా కూడా వేయించాను.

నివేదిక పంపిన వారంలోగా హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఈ విభాగం ఇంత వేగంగా కదలడం నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. కవరు చూసినప్పుడే నాకు మనసు కీడు శంకించింది. కాపరుల నిర్లక్ష్యం 'రుజువైనందున' పిట్టలగట్టు చుట్టూ కంచె వేయాలట. గొర్రెలను నిషేధించాలట. వానలు పడగానే గడ్డిని సమూలంగా దున్నించి, జామాయిల్ మొక్కలు నాటించాలట. రుజువు అంటే మన రెండు సంతకాలు.

అంతటితో ఆగలేదు. నిన్న మా కార్యాలయానికి కాటమ్మ అనే ఒక స్త్రీ వచ్చింది. ఆ గట్టు మీద గొర్రెలను మేపుకొనే కుటుంబాల తరఫున వచ్చిందట. కుర్చీ చూపితే కూర్చోలేదు.

"సారూ, గడ్డి కాలినందుకు నాకు రంది లేదు. వానొస్తె మల్ల మొలుస్తది. నేను కాలవెట్టిన అని రాసిన్రంట, గందుకు వచ్చిన" అన్నది. "నీ ఇంట్ల బియ్యం డబ్బకు నువ్వు అగ్గి పెట్టుకుంటవా? గొర్లు తినే గడ్డికి నేనెందుకు పెడత?"

నియమావళి తిరగేశాను. టీ తెప్పించాను.

"కాలువ కింద పొలాలల్లకు గొర్లను రానియ్యరు. మాకున్నది గా గట్టొక్కటే. కంచె ఏస్తె మంద అమ్ముకునుడే, ఇగ నేను కూలికి పోవుడే" అన్నది టీ తాగుతూ. తరువాత గ్లాసు బల్ల మీద పెట్టి, "పెట్టినోళ్లను నేను సూసిన సారూ" అన్నది.

నేను నా కుర్చీని కొంత వెనుకకు జరుపుకున్నాను. ఎవరని అడిగాను. అడగడం నా విధి.

"ఇద్దరు పెద్దమనుషులు. నెత్తిన రుమాళ్లు, కండ్లకు నల్లద్దాలు. ఒకడు గులాబిపొగ, ఇంకొకడు నీలంపొగ పట్కొని సర్కస్ల బఫూన్ల లెక్క నిలవడ్డరు. అగ్గి లేస్తాంటె ఆర్పుడు లేదు, తొక్కుడు లేదు. మీరంటె మీరనుకుంట ఒకనికొకడు దండాలు పెట్టుకుంటున్నరు. గసుంటోళ్లను నేను పుట్టిన కాడికెల్లి సూడలే."

"మల్లా చూస్తే గుర్తుపడతవా?"

"గిట్ల సూస్తె ఏడ గుర్తువడత? రుమాలు సుట్టి, అద్దాలు పెడితె మాత్రం పడత."

ఈ సమాధానం నాకు ఎంతో ఊరటనిచ్చింది. ఫిర్యాదును స్వీకరించాను. ఆ ఇద్దరినీ పట్టి తెచ్చే బాధ్యతను విచారణాధికారి హోదాలో నాకు నేనే అప్పగించుకున్నాను. విచారణ నిష్పాక్షికంగా జరుగుతుంది.

తమరు మాత్రం కొంతకాలం తలపాగా ధరించరాదని సలహా.

తమ
భాస్కర్

*

మిర్యాలగూడ,
మార్చి 31.

భాస్కర్ బావగారికి,

కాటమ్మ మా కార్యాలయానికి కూడా వచ్చింది. పొలిమేర రాయికి అటూ ఇటూ రెండు కార్యాలయాలు ఉన్న సంగతి ఆమెకు తెలుసు.

నేను వివరాలు సేకరించాను. ఆ ఇద్దరిలో ఒకనికి పొట్ట ముందుకు వచ్చి, షేర్వాణీ గుండీ ఒకటి ఊడి ఉన్నదట. ఆ వర్ణన తమకు సరిపోతుందని చెప్పడానికి నాకు మొహమాటంగా ఉన్నది. రెండవవాడు 'మీసానికి నల్లరంగు ఏస్కున్న పొట్టోడు' అట. ఎవరై ఉంటారో నేను ఊహించలేకపోయాను.

ఇంతకంటె గంభీరమైన విషయం ఒకటి. తమ లేఖకు జవాబు వ్రాసి, ఆడవారి తీర్మానం ప్రకారం చల్లారడానికి రెండు కాగితాలనూ కిటికీలో పెట్టాను. తెల్లవారి చూస్తే రెండూ అలేఖ్య చేతిలో ఉన్నాయి. కాలేజీకి పోవలసిన పిల్ల సంచి దించి, వంటింటి గడప మీద కూర్చొని చదువుతున్నది. ఆ జవాబును చింపి ఇది వ్రాస్తున్నాను.

"నాన్నా, మంట మీరు పెట్టి ఆమె పేరు రాసిన్రా?" అని అడిగింది.

"పేరు రాయలేదు బిడ్డా. కాపరులు అని బహువచనం రాసినం" అన్నాను.

"గట్టు మీద ఇంకెవరు మేపుతరు నాన్నా?"

మంజుల పప్పు తాలింపు ఆపి మరీ విన్నది. కూతురును ఆపుతుందేమోనని చూశాను. "నా చీర సంగతి గూడ అడుగు" అన్నది.

అలేఖ్య తీర్పు ఇది: "కాటమ్మ గట్టు పోయిందంటె, రాకేష్ దగ్గరున్న వీడియో మొత్తం పెండ్లి మండపంల పెద్ద తెర మీద ఏపిస్త. లగ్గానికి ముందు ఒకసారి, భోజనాలప్పుడు ఒకసారి."

"కార్తీక్ ఒప్పుకుంటడా?" అన్నాను, తమ కుమారుని పితృభక్తి మీద ఆశతో.

"ఆలోచన కార్తీక్‌దే."

బావగారూ, శుభలేఖల్లో తమరు వేయించిన మన హోదాలు, మండపంలో ఆ తెర — రెండూ ఒకేచోట ఉండడం మంచిది కాదు. కోదాడ తమ జిల్లాలో ఉన్నది. తమరు స్వయంగా వెళ్లి ఆ వీడియోను స్వాధీనపరచుకోగలరు.

సైదులు

*

మునగాల,
కోదాడ నుంచి తిరుగుదారిలో, దాబా బల్ల మీద.
ఏప్రిల్ 9.

సైదులు బావగారికి,

కోదాడ వెళ్లాను. రాకేష్ స్టూడియో తలుపు తీయగానే లేచి నిలబడ్డాడు. భయపడి కాదు, సంతోషంతో.

"రండి సార్, కూర్చోండి. మీ ఇద్దరి క్లిప్పు మా స్టూడియోలోనే నంబర్ వన్ అండీ. వెనకాల మంట చూడండి, ఎంత బాగా పడిందో. లక్షలు పోసి సెట్టేసినా రాదండీ" అన్నాడు.

"దాన్ని తుడిచెయ్యి."

"అయ్యో, నన్ను తుడవమంటే తుడుస్తానండీ. పిల్లలిద్దరూ మొన్ననే వచ్చి కాపీ పట్టుకెళ్లారు కదా. వాళ్ల దగ్గరున్నది ఎవరు తుడుస్తారు?" అని, తెర నా వైపు తిప్పి, "మీరు మొత్తం చూశారా సార్? ఒక్కసారి చూడండి" అన్నాడు.

చూశాను. డ్రోన్ చాలా పైనుంచి తీసింది. మన తలపాగాలు రెండు బంతిపూల వలె ఒకదాని వైపు ఒకటి వంగుతున్నాయి. వాటి మధ్య నుంచి మంట బయలుదేరి పొలిమేర రాయి దాటింది. చుక్కను చెరిసగం చేసుకోవడం న్యాయమేనని తేలింది. ఇంతలో తెర అంచు నుంచి ఒక స్త్రీ తంగేడు కొమ్మ పట్టుకొని పరుగున వచ్చింది. ఆమె వెనుక మరో ముగ్గురు. మనం పక్కకు జరిగి వారికి దారి ఇచ్చాం. జరిగేటప్పుడు కూడా, ముందు మీరు జరగండి అన్నట్లు తమరు నాకు చేయి చూపారు.

కొమ్మలతో కొడితే మంట లొంగలేదు. ఆమె భుజం మీది గొంగడి తీసి నిప్పు మీద పరచి, దాని మీద నిలబడి తొక్కింది. అటువైపు మంట చచ్చింది. గొంగడి పోయింది. గొంగడి సంగతి ఆమె నా దగ్గర చెప్పలేదు. తమ దగ్గర చెప్పి ఉంటే తమరు వ్రాసి ఉండేవారు.

ఆ తరువాత మనం కారెక్కిన దృశ్యం ఉన్నది. కారు తలుపు దగ్గర కూడా కొంత ఆలస్యం జరిగింది. ఎవరు ముందు ఎక్కాలన్న విషయమై.

బావగారూ, నేను ఇన్నేళ్లుగా 'కాపరుల నిర్లక్ష్యం' అని వ్రాస్తున్నాను. ఒక్కసారి కూడా మంట దగ్గర నిలబడి వ్రాయలేదు. ఈసారి నిలబడ్డాను, అయినా అదే వ్రాశాను. దాబా అబ్బాయి తెచ్చిన టీ ఇంకా ముట్టలేదు. మునగాల టీ బాగా వేడిగా ఉంటుంది, అందువల్ల కావచ్చు.

తమకు తోచిన మార్గం ఏదైనా ఉంటే వ్రాయగలరు. ఈ లేఖను చల్లార్చకుండానే పంపుతున్నాను.

భాస్కర్

*

మిర్యాలగూడ,
ఏప్రిల్ 17.

భాస్కర్ బావగారికి,

మార్గం దొరికింది. అది మన శిక్షణలోనే ఉన్నది. భోజనం తరువాతి తరగతిలో చెప్పారట. ఆ సమయంలో మనం జాతకాలు మాట్లాడుకుంటున్నాం.

పాఠం ఇది. గడ్డి కాలితే వెలువడే కార్బన్ డయాక్సైడును లెక్కలో వేయనక్కరలేదు. వానలు పడగానే మళ్లీ మొలిచే గడ్డి దాన్ని తిరిగి తీసుకుంటుంది. మీథేను, నైట్రస్ ఆక్సైడు మాత్రమే మన ఖాతా. కాని మొలవవలసిన గడ్డిని ఎవరైనా దున్ని పారేస్తే, ఆ మాఫీ రద్దవుతుంది. పోయిన వాయువు మొత్తం ఖాతాకెక్కుతుంది. అంటే హైదరాబాదు వారు పిట్టలగట్టును దున్నిస్తే, ఉద్గారాలు తగ్గించవలసిన కార్యాలయమే స్వహస్తాలతో వాటిని పెంచినట్లు వార్షిక పట్టికలో అచ్చవుతుంది. పైవారికి కాటమ్మ మీద దయ కలుగుతుందని నేను హామీ ఇవ్వలేను. పట్టిక అంటే భయం కలుగుతుందని ఇవ్వగలను.

అయితే దున్నడం ఆగినా, కారణం అలాగే ఉంటే కంచె మిగులుతుంది. కనుక కారణాన్ని సవరించాలి. మొదట 'పిడుగు' అని వ్రాశాను. ఈసారి కిటికీలో పెట్టలేదు, నేరుగా అలేఖ్యకే చూపాను.

"నాన్నా, పిడుగుకు నల్లద్దాలుంటయా?" అన్నది.

కాబట్టి ఉన్నది ఉన్నట్లు వ్రాశాను. మన భాషలో వ్రాస్తే సత్యానికి గాని, మనకు గాని అంత ప్రమాదం ఉండదని నా అనుభవం. ముసాయిదా చిత్తగించండి:

"పిట్టలగట్టు దహనం ఇరు జిల్లాల అధికారుల ప్రత్యక్ష సమక్షమున, వారి హస్తములయందలి వర్ణధూమ నాళికల వలన ఆరంభమైనది. దానిని ఆర్పు విషయమై అధికారులు పరస్పర గౌరవముతో సంప్రదించుకొనుచుండగా అది విస్తరించినది. కాపరి శ్రీమతి కాటమ్మ, మరి ముగ్గురు, తంగేడు కొమ్మలతోను, ఆమె సొంత గొంగడితోను ఆర్పివేసినారు. కాపరుల నిర్లక్ష్యము ఏమియు లేదు. పూర్వపు నివేదిక అసత్యము. తప్పు మా ఇద్దరిది."

అలేఖ్య చదివి, చివరి వాక్యం ఒక్కటే తెలుగులో ఉన్నదన్నది. దాన్ని ఉంచమన్నది.

దీనివల్ల మన ఉద్యోగాలకు ఏమవుతుందో నాకు తెలియదు. పెళ్లి ముందర ఇద్దరు తండ్రులూ సస్పెండైతే ఖర్చులకు ఇబ్బందేగాని, కట్నకానుకలు లేని పెళ్లి గనుక తట్టుకోగలం. కింద తమ సంతకానికి చోటు వదిలాను. పైన నేను చేశాను.

ఈసారి నేనే ముందు.

సైదులు

*

సూర్యాపేట,
మే 6.

సైదులు బావగారికి,

కాగితం అందిన రోజే సంతకం చేసి పంపాను. తమ సంతకం కింద చోటు చాలక నాది కొంచెం పక్కకు వాలింది. సుకన్యకు చూపించాను. "ఇగ నిద్రపో" అన్నది. నెల రోజుల తరువాత నిద్ర పట్టింది.

జవాబు వచ్చింది. ఒకే కవరు, లోపల మూడు కాగితాలు, మూడింటి మీదా ఒకే అధికారి సంతకం. మొదటిది మెమో. ప్రభుత్వ భూమిలో నిప్పు పెట్టినందుకు మన ఇద్దరినీ తీవ్రంగా మందలించారు. రెండవది ప్రశంసాపత్రం. బీడు దహనాన్ని మొదటి నిప్పురవ్వ నుంచి కళ్లారా చూసి నివేదించిన అధికారులు విభాగంలో ఇంతవరకు లేరట. ఇతర జిల్లాల వారు మనలను ఆదర్శంగా తీసుకోవాలట. ఎంతవరకు తీసుకోవాలో వ్రాయలేదు. మూడవది, కంచె, దున్నకం, జామాయిల్ మొక్కలు — అన్నీ రద్దు. గడ్డి 'యథాతథంగా మొలుచుటకు అనుమతించడమైనది'.

మెమోను, ప్రశంసాపత్రాన్ని వెనుకకు వెనుక ఆనించి ఒకే చట్రంలో కట్టించాను. ఇంటికి ఎవరు వచ్చారో చూసి తిప్పుతుంటాను.

మూడవ కాగితం నకలు తీసుకొని గట్టు మీదికి వెళ్లాను. సుకన్య కొన్న కొత్త గొంగడి కూడా పట్టుకెళ్లాను. కాటమ్మ దాన్ని విప్పి, ఎండకెత్తి చూసి, "మంచిగున్నది. ఇదెందుకు సారూ?" అన్నది.

"కార్యాలయం తరఫున" అన్నాను. నా కార్యాలయం సుకన్యేనన్నది తమకు తెలుసు.

"కంచె లేదు కద? నా పేరు కొట్టేసిన్రు కద? ఇగ గంతే సాలు" అన్నది. నేను దిగి వస్తుంటే వెనుక నుంచి పిలిచింది. "సారూ, ఆ ఇద్దరు దొరికిన్రా?"

నివేదికలో చెప్పినంత సులువుగా ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను, బావగారూ. విచారణ తుది దశలో ఉన్నదని చెప్పి, శుభలేఖ ఇచ్చాను. తప్పక వస్తానన్నది. తమరికి ఏమైనా ధైర్యం మిగిలి ఉంటే పెళ్లినాటికి దాచి ఉంచగలరు. నాది అయిపోయింది.

భాస్కర్

*

మిర్యాలగూడ,
మే 24.

భాస్కర్ బావగారికి,

నుదుటి వాపు తగ్గిందని తలుస్తాను. నాది తగ్గింది. ఫోను నిషేధాన్ని ఆడవారు ఎత్తివేశారు గాని, లేఖలే మనకు శ్రేయస్కరమని నా నమ్మకం.

తమరు తల పట్టుకొని విడిదిగదిలో మంచుముక్కలు పెట్టించుకుంటున్న సమయంలో మండపంలో జరిగినది తమకు పూర్తిగా తెలియదు. వ్రాస్తాను.

తలపాగాలు రాకేష్ పట్టుదల. నల్లద్దాలు మాత్రం మన స్వయంకృతం. హోమం పొగకు కళ్లు మండుతున్నాయని ఇద్దరమూ ఒకేసారి తీసి పెట్టుకున్నాం. అప్పుడే హోమగుండం నుంచి ఒక నిప్పు ముక్క చిటచిటలాడి, కార్తీక్ పక్కన పరచిన ఈతచాప మీద పడ్డది. ఆ తరువాతిది నాకు తమ తలపాగా ఎదురుగా రావడం వరకే జ్ఞాపకం. ఎవరు ముందు అని తమరు అడగలేదు, నేనూ అడగలేదు. రెండు కాళ్లూ ఒకే క్షణంలో చాప మీద పడ్డాయి, రెండు తలలూ ఒకే క్షణంలో ఢీకొన్నాయి. నిప్పు ఆరింది. అయ్యగారు మంత్రం ఆపి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

మూడవ వరుసలోంచి కాటమ్మ లేచి నిలబడ్డది. కొత్త గొంగడి భుజం మీదే ఉన్నది, మే నెల అయినా.

"అగో," అన్నది. మండపం అంతా విన్నది. "గా గట్టు మీది బఫూన్లు గీళ్లే."

నేను అద్దాలు తీశాను. ఇక దాచిన ధైర్యం వాడవలసిన సమయం అదేననిపించింది. "అవును కాటమ్మా, మేమే" అన్నాను. "నీ మీద తప్పు రాసింది గూడ మేమే."

ఆమె నా ముఖం, తమరు పోయిన తలుపు, మార్చి మార్చి చూసింది. "ఆ రాత ఎవరు కొట్టేసిన్రు?" అని అడిగింది.

"అది గూడ మేమే."

"ఇగ సరిపాయె" అని కూర్చున్నది. కొంతసేపటికి ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నదేమోనని మంజుల మంచినీళ్లు పట్టుకెళ్లింది. ఏడవడం లేదు. నవ్వుతున్నది. మంజుల కూడా పక్కనే కూర్చొని నవ్వింది. కొంగు చిల్లి చూపించుకున్నది. భోజనాలయ్యే వరకు వారిద్దరూ విడిపోలేదు. పెద్ద తెర మీద పిల్లలు చిన్ననాటి ఫోటోలే వేశారు.

వెళ్లేటప్పుడు నాతో అన్నది: "వచ్చే మాఘంల ఇద్దరు గట్టు మీదికి రండ్రి సారూ. ఎండుగడ్డి నడుమ అగ్గి దాటకుంట బాట సెక్కేదుంది. పారలు మీరు తెచ్చుకోండ్రి. అద్దాలు ఇంట్ల వెట్టి రండ్రి."

ఒప్పుకున్నాను. తమ తరఫున కూడా.

సైదులు

*

సూర్యాపేట,
జూలై 19.

సైదులు బావగారికి,

కార్తీక్, అలేఖ్య క్షేమం. కోడలు మా ఇంటి వంటగది పొగగొట్టం సరిగా లేదని తేల్చి, నన్ను కారణం వ్రాసిమ్మన్నది. నా నిర్లక్ష్యం అని వ్రాసిచ్చాను.

పారలు రెండు కొన్నాను. తమకు పొట్టి కర్రది తీసుకున్నాను, ఎత్తు విషయం మనసులో పెట్టుకొని.

నిన్న వార్షిక లెక్క కోసం గట్టు మీదికి వెళ్లాను. నల్లమచ్చ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో గుర్తుపట్టలేకపోయాను. గడ్డి మోకాళ్ల దాకా వచ్చింది. తమ వైపుది, మా వైపుది, ఒకే ఎత్తు. పొలిమేర రాయి కనిపించక చాలాసేపు వెతికాను, చివరికి దాని మీదే కూర్చొని ఉన్నట్లు తెలిసింది. కార్బన్ డయాక్సైడ్ అన్నచోట సున్న వేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో కళ్లతో చూసి వేసిన అంకె అదొక్కటే.

కాటమ్మ దూరం నుంచి చేయి ఊపింది. మంద నా చుట్టూనే మేస్తున్నది. శిక్షణలో చెప్పిన ప్రకారం, ఆ గడ్డిలో ఫిబ్రవరి నాటి మన పొగ కూడా కొంత ఉండాలి. గొర్రెలు దాన్ని ఏ ఆక్షేపణా లేకుండా, నిదానంగా నములుతున్నాయి.

తమ
భాస్కర్